మీకు తెలుసా? ఇన్‌కాగ్నిటో మిమ్మల్ని దాచదు!

కేతేపల్లి మండలంలోని కొర్లపహాడ్ టోల్‌గేటును ఫాస్టాగ్‌తో దాటిన ప్రతి కారు వివరమూ అక్కడ నమోదవుతుంది. ఇంటర్నెట్‌లోనూ అంతే. బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో పద్ధతి మన ఫోన్‌లో జాడ చెరుపుతుందే తప్ప నెట్ ఇచ్చే కంపెనీ కళ్లు కప్పదు. మన నెట్ రాకపోకలను తన సర్వర్ల మీదుగా పంపే వీపీఎన్ పెట్టుకుంటే ఆ కంపెనీకి మనం చూసే సైట్లు కనబడవు, కానీ వీపీఎన్ సంస్థకు తెలుస్తాయి. అంటే టోల్‌గేటు పోలేదు, చేతులు మారింది. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో అనే ఉచిత వీపీఎన్, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కే చేరవేసి 2019లో మూతపడింది. వినియోగదారుల వివరాలను అయిదేళ్లు భద్రపరచాలని వీపీఎన్ సంస్థలను మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ వంటివి ఇక్కడి సర్వర్లనే తీసేశాయి.

కాబట్టి ఎక్కువ హామీలిచ్చే సాధనాన్ని కాదు, మన గురించి తక్కువ తెలిసేదాన్ని నమ్మాలి. టార్ బ్రౌజర్ మన అభ్యర్థనను మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతుంది. మొదటిదానికి మనం ఎక్కడి నుంచి వచ్చామో తెలుసు, చివరిదానికి గమ్యం తెలుసు, రెండూ తెలిసినది ఒక్కటీ ఉండదు. టార్ కోడ్‌ను ఎవరైనా పరిశీలించవచ్చు. వేగం తక్కువన్నది నిజమే, సొంత పేరుతో లాగిన్ అయితే అజ్ఞాతం పోతుందన్నదీ నిజమే. తప్పు చేయనివారికి దాపరికం ఎందుకంటారా? జబ్బు గురించో అప్పు గురించో వెతకడం తప్పు కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది.