శ్వాస పరీక్ష: సాక్ష్యంగా దాని విలువ

కళ్యాణదుర్గంలో వేరుశనగ బస్తాలు దించి వస్తున్న లారీ డ్రైవరును రాత్రి పోలీసులు ఆపారనుకోండి. ఊదిన యంత్రం 38 చూపింది. నేరం రుజువైనట్లేనా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే నేరం. మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అయితే యంత్రం కొలిచేది శ్వాసను, రక్తాన్ని కాదు. సాధారణంగా 2,100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉండే ఆల్కహాలు 1 మిల్లీలీటరు రక్తంలో ఉండేదానికి సమానమన్న లెక్కతో అంకె వస్తుంది. ఈ నిష్పత్తి అందరిలోనూ ఒకటి కాదు. ఆల్కహాలు కలిసిన మందుతో అప్పుడే నోరు పుక్కిలించినా అంకె పెరుగుతుంది. 200 దగ్గర ఈ వాదన నిలవడం కష్టం. 38 దగ్గర ఇదే కీలకం.

కాబట్టి న్యాయవాది మూడు విషయాలు అడగాలి:

1. యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు?
2. కొద్దిసేపు ఆగి మళ్లీ ఊదించారా?
3. రక్తపరీక్ష జరిగిందా?

అరెస్టు చేస్తే 2 గంటల్లోగా వైద్యపరీక్ష జరిపించాలని, లేకుంటే విడిచిపెట్టాలని 202వ సెక్షన్ చెబుతుంది.

గమనించండి: ఇది తాగి నడపడాన్ని సమర్థించడం కాదు. శిక్ష పడాలంటే అంకె నమ్మదగినదై ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై డ్రైవరు తరఫున మీరు మొదట ఏ పత్రం అడుగుతారు? ఎందుకు?