సరుకు మనది.. చీటీ వారి భాషలో

వరంగల్: పదమూడో శతాబ్ది చివర కాకతీయుల రేవు మోటుపల్లిని గురించి రాసిన మార్కోపోలో అక్కడి సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చి మెచ్చుకున్నాడు. ఆ యాత్రికుడు తమ వాడేనని క్రొయేషియాలోని కొర్చులా దీవివాసులు నేటికీ చెప్పుకొంటారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది వెనిస్‌ వాడనే అంటారు, అది వేరే సంగతి. నాడు వర్తకుడు స్వయంగా వచ్చి, సరుకు చూసి కొనుక్కుపోయేవాడు. నేడు సరుకే ఆ దేశం వెళ్లి తన గురించి చెప్పుకోవాలి. ఏ భాషలో చెప్పుకోవాలన్నది ఎగుమతి ఆలోచన ఉన్న చేనేత సంఘాలు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండన్‌ మహాప్రదర్శనకు చేరాయి. వరంగల్‌ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. అటు క్రొయేషియా 2013 జులై 1న ఐరోపా సమాఖ్యలో చేరింది. 2023 జనవరి నుంచి యూరోను వాడుతోంది. 2025 జూన్‌లో మన ప్రధాని ఆ దేశంలో పర్యటించారు. భారత ప్రధాని ఒకరు అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. చిన్న దేశమే అయినా, అక్కడి నిబంధనలు తెలుసుకుంటే ఐరోపా విపణి తీరు మొత్తం అర్థమవుతుంది.

చట్టం ఏమంటోంది?

జౌళి ఉత్పత్తుల పేర్లు, లేబుళ్లకు సంబంధించి ఐరోపా సమాఖ్య 2011లో ఒక నిబంధనావళి తెచ్చింది. సరుకులో ఏ నూలు ఎంత శాతం ఉందో, అమ్ముతున్న దేశపు అధికార భాషలోనే తెలపాలన్నది అందులో ముఖ్యాంశం. ఆ దేశం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప ఆంగ్లం ఒక్కటే చాలదు. కొత్తవాడలో నేసిన జంపఖానాను జాగ్రెబ్‌ దుకాణంలో అమ్మాలంటే పత్తిని ‘పాముక్‌’ అనీ, ఉన్నిని ‘వూనా’ అనీ, జనపనారను ‘యూతా’ అనీ రాయాలి.

క్రొయేషియన్‌ రోమన్‌ లిపిలోనే ఉంటుంది. అయితే కొన్ని అక్షరాలపై చిన్న గుర్తులు ఉంటాయి. ముద్రణలో అవి జారిపోతే అర్థం మారుతుంది. ‘ఇల్లు’ అనే మాట ఒక్క గుర్తు పోగానే ‘తలుపు తడుతున్నాడు’ అయిపోతుంది! కనుక ముద్రణాలయానికి ఇచ్చే ముందు ఆ అక్షరాలు ఫాంటులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

నెలల పేర్లతో ముప్పు ఇంకా పెద్దది. స్లావిక్‌ భాషలన్నీ ఒకటేనని భావించి పోలిష్‌ లేదా చెక్‌ తెలిసినవారికి పని అప్పగించడం ప్రమాదం. ‘లిస్తొపాద్‌’ అంటే ఆ రెండు భాషల్లోనూ నవంబరు, క్రొయేషియన్‌లో మాత్రం అక్టోబరు. సరుకు అందించే గడువును ఆ మాటతో రాసిన ఒప్పందాన్ని తప్పుగా చదివితే నెల రోజులు ఆలస్యమవుతుంది. ఆ నష్టం చివరకు చేరేది మగ్గం మీద కూర్చున్నవారి కూలికే. అక్షరానికి ఇంతని మిగిల్చే అనువాద ఖర్చు దీని ముందు ఏపాటిది? పొరుగునున్న సెర్బియా భాష చాలా దగ్గరిదే అయినా, సెర్బియన్‌ అనువాదాన్ని జాగ్రెబ్‌కు పంపితే కొనుగోలుదారు నొచ్చుకోవచ్చు.

రిజిస్ట్రేషన్‌ పత్రాలు, టెండరు దస్తావేజుల వంటివి అయితే సామాన్య అనువాదం పనికిరాదు. అక్కడి న్యాయస్థానం నియమించిన అనువాదకుని ముద్ర అడుగుతారు. మన పత్రానికి ముందుగా విదేశాంగ శాఖ నుంచి అపోస్టిల్‌ ధ్రువీకరణ పొందాలి. భారతదేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది.

‘మీరు’ తెలిసిన మనకు సులువే

మర్యాదల విషయంలో తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. క్రొయేషియన్‌లోనూ మనలాగే ‘నువ్వు’కు ‘తి’, ‘మీరు’కు ‘వి’ వేరువేరుగా ఉన్నాయి. ఆంగ్లంలో ఈ తేడా కనిపించదు, అందువల్ల ఆంగ్లం నుంచి అనువదించేవారికి ‘మీరు’ వాడాలని ముందే చెప్పాలి. పురుషులను ‘గొస్పొదిన్‌’, స్త్రీలను ‘గొస్పొజా’ అని ఇంటిపేరుతో కలిపి సంబోధిస్తారు. వారు కోరేవరకు మొదటి పేరుతో పిలవరాదు. కాఫీ బల్ల వద్ద సాగే ముచ్చట కూడా వ్యాపారంలో భాగమే, తొందరపడి ధర మాట ఎత్తకూడదు. మనం మొహమాటానికి అనే ‘చూద్దాం’ అన్న మాటను అక్కడివారు సగం అంగీకారంగా తీసుకోవచ్చు. కుదరనిది కుదరదని మెత్తగా చెప్పడమే మేలు.

తయారీదారు ఐరోపా సమాఖ్యకు వెలుపల ఉంటే, లేబుల్‌ సరిగా ఉండేలా చూసే బాధ్యత అక్కడి దిగుమతిదారుదే. అయినా అనువాదం ఎవరు చేయించాలి, తప్పు దొర్లితే ఖర్చు ఎవరిది అన్నది ఆర్డర్‌ తీసుకునే నాడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆగస్టు 15 మనకే కాదు, మేరీమాత పండుగ కారణంగా అక్కడా సెలవే. ఆ నెలలో చాలామంది సముద్రతీరానికి వెళ్తారు కనుక శాంపిళ్లు, లేబుల్‌ నమూనాలు జులై మొదటి వారానికే చేరేలా పంపాలి.