ఆన్‌లైన్ అమ్మకములో కొనుగోలుదారులను బ్లాకు చేయుట – ఎప్పుడు? ఎందుకు?

మామిడి, పసుపు, బెల్లము, తేనె, దేశవాళీ బియ్యము మొదలగు సరుకులను నేడు పలువురు రైతులు సెల్‌ఫోను ద్వారా తినువారికే నేరుగా అమ్ముచున్నారు. దళారి కమీషను మిగులుచున్నది. ధరను రైతే నిర్ణయించుకొనుచున్నాడు. ఇది మంచి మార్పే. ఐతే సంతలో బేరము ముఖాముఖి జరుగును. కొనువాడు ఎట్టివాడో చుట్టుప్రక్కల వారికి తెలిసియుండును. ఆన్‌లైన్ అమ్మకములో కొనువాని ముఖము కనబడదు. పేరు, ఫోను నెంబరు, చిరునామా మాత్రమే తెలియును. అందువలన కొందరితో చిక్కులు వచ్చుచున్నవి. అట్టివారిని దూరముగా నుంచుటకు అమ్మకందారులు వాడు సాధనమే బ్లాకు చేయుట. దీనిని సరియైన చోట వాడిన నష్టము తప్పును. కోపములో వాడిన మంచి గిరాకీ పోవును. ఈ రెంటి తేడాను రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

బ్లాకు చేయుట అనగా నేమి?

ఊరిలో దుకాణదారుడు బాకీ ఎగవేసిన వానికి తిరిగి అరువు ఇవ్వడు. బ్లాకు చేయుట ఇంచుమించు అట్టిదే. ఒక కొనుగోలుదారుని పేరును మన జాబితాలో చేర్చిన యెడల అతడు మరల మనకు ఆర్డరు పెట్టలేడు, లేక సందేశము పంపలేడు.

ఈ సౌకర్యము అన్ని ఆన్‌లైన్ అంగళ్ళలో ఒకే విధముగా లేదు. 1995లో అమెరికాలో మొదలైన ఈబే అను అంగడిలో అమ్మకందారుడు తనకు వద్దనుకొన్న వారి పేర్లతో ఒక జాబితా ఉంచుకొనవచ్చును. పాట పాడి సొమ్ము చెల్లించని వారిని, తాను సరుకు పంపని ప్రాంతముల వారిని ముందే ఆపివేయు ఏర్పాటు కూడ అచ్చట కలదు. 2008 నుండి అచ్చటి అమ్మకందారులు కొనుగోలుదారుని గూర్చి చెడు అభిప్రాయము వ్రాయుటకు వీలులేకుండెను. కాబట్టి చేదు అనుభవము కలిగినప్పుడు వారికి మిగిలిన ముఖ్యసాధనములలో ఈ జాబితా ఒకటి. ఈబే భారతదేశపు అంగడి 2018లో మూతపడినది. అమెజాన్ వంటి అంగళ్ళలో అమ్మకందారుడు ఫలానావానికి అమ్మనని ఆపుటకు వీలు లేదు. మోసము జరిగినచో కంపెనీకి ఫిర్యాదు చేయవలెను. చర్య తీసుకొనవలసినది కంపెనీయే.

మన రైతులలో ఎక్కువమంది వాడునది వాట్సాప్. ఇందులో బ్లాకు చేసినచో ఆ మనిషి సందేశములు, వాట్సాప్ కాల్సు మనకు రావు. బ్లాకు చేసినట్లు అతనికి వాట్సాప్ కబురు పంపదు. ఐతే మామూలు ఫోను కాల్సు వచ్చుచునే యుండును. వానిని ఫోనులో వేరుగా ఆపుకొనవలెను.

తిరిగి వచ్చిన ఒక పెట్టె ఖరీదు

అమ్మకందారులు ఎందుకింత జాగ్రత్తపడుదురో ఒక లెక్క చూచిన తెలియును. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి. ఎవరి ఖర్చులు వారు వేసికొనవలెను.

ఒక రైతు 5 కిలోల బంగినపల్లి పెట్టెను 600 రూపాయలకు అమ్మెననుకొందము. కాయల ఖరీదు 350, అట్టపెట్టె మరియు గడ్డి 60, రవాణా 120 రూపాయలు. మొత్తము ఖర్చు 530. మిగులు 70 రూపాయలు. సరుకు అందిన తరువాత సొమ్ము చెల్లించు పద్ధతిని, అనగా క్యాష్ ఆన్ డెలివరీని, ఈ రైతు ఒప్పుకొనెను. పెట్టె ఇంటికి చేరగానే కొనుగోలుదారుడు “ఇప్పుడు వద్దు” అని త్రిప్పి పంపెను. పోవు కిరాయి 120, వచ్చు కిరాయి 120, దారిలో పాడైన కాయలు 350, పెట్టె 60. మొత్తము 650 రూపాయలు నష్టము. అనగా తొమ్మిది పెట్టెల మీద వచ్చు లాభము ఈ ఒక్క పెట్టెతో పోయి, పైన ఇంకొక 20 రూపాయలు కూడ పోయినవి.

గుడ్డకో గిన్నెకో ఇట్టి చిక్కు లేదు. తిరిగి వచ్చినను మరొకరికి అమ్మవచ్చును. పండు ఆగదు. అందుచేత పండ్లు, కూరగాయలు అమ్మువారికి ఈ విషయము మరింత ముఖ్యము.

ఎట్టివారిని బ్లాకు చేయవచ్చును?

1. ఆర్డరు పెట్టి సరుకు తీసికొననివారు: ఒకసారి జరిగినచో కారణము అడుగవలెను. రెండవసారి ముందుగా సొమ్ము పంపుమని చెప్పవలెను. అందుకు ఒప్పుకొనక మరల అట్లే చేసిన బ్లాకు చేయవచ్చును.

2. సొమ్ము పంపినట్లు నటించువారు: చెల్లింపు జరిగినట్లు దొంగ ఫొటో పంపుదురు; బ్యాంకు పంపినట్లుండు దొంగ సందేశము పంపుదురు. “పొరపాటున ఎక్కువ పంపితిని, మిగిలినది త్రిప్పి పంపుము” అని తొందరపెట్టుదురు. ఫొటోను, సందేశమును నమ్మరాదు. మన బ్యాంకు ఖాతాలో సొమ్ము పడినదో లేదో మనమే చూచుకొనవలెను. మనకు సొమ్ము వచ్చుటకు మనము పిన్ నెంబరు నొక్కనక్కరలేదు, ఎవరో పంపిన క్యూఆర్ కోడును స్కాన్ చేయనక్కరలేదు. అట్లు చేయుమన్నవాడు మోసగాడే. ఇట్టివానికి రెండవ అవకాశము ఇవ్వనక్కరలేదు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నెంబరుకు ఫోను చేయవలెను.

3. మాటిమాటికి అబద్ధపు నష్టము చెప్పువారు: ప్రతి పెట్టెలోను సగము కుళ్ళినవని చెప్పుదురు, ఫొటో అడిగిన పంపరు, లేక పాత ఫొటోయే మరల పంపుదురు.

4. బెదిరించువారు: “ఉచితముగా ఇంకొక పెట్టె పంపనిచో చెడుగా వ్రాసెదను” అనువారు, అసభ్యముగా మాట్లాడువారు, ఇంటి ఆడవారికి వేళగాని వేళ ఫోను చేయువారు. వీరి విషయములో సందేహించనక్కరలేదు. బెదిరింపు తీవ్రమైనచో పోలీసులకు తెలుపవలెను.

ఎవరిని బ్లాకు చేయరాదు?

బేరమాడువారిని బ్లాకు చేయరాదు. బేరము మన సంతలలో ఉన్నదే. ఎక్కువ ప్రశ్నలు అడుగువారిని కూడ చేయరాదు. “ఏ మందు చల్లినారు? ఎట్లు మాగబెట్టినారు?” అని అడుగువాడు తరచు మంచి ధర ఇచ్చువాడై యుండును. పేరు, ఊరు, కులము, మతము, భాష చూచి ఎవరినీ బ్లాకు చేయరాదు. దూర ప్రాంతములకు పండ్లు పంపలేనిచో ఆ సంగతి అందరికి తెలియునట్లు ముందే వ్రాసియుంచవలెను. అది అందరికి ఒకే నియమము. ఒకరిని చూచి చేసినది కాదు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఫిర్యాదు చేసినంత మాత్రమున ఎవరినీ బ్లాకు చేయరాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూతము.

ఒక రైతు పట్టణములోని ఒక గృహిణికి మామిడి పెట్టె పంపెననుకొందము. కాయలు చూచుటకు నిగనిగలాడుచున్నవి. ఐదారు దినముల తరువాత ఆమె “అన్నా, పండు కోసిన లోపల పురుగులున్నవి” అని ఫొటో పంపినది. రైతుకు కోపము వచ్చినది. “పైన మచ్చ కూడ లేని కాయలో పురుగెక్కడిది? సొమ్ము త్రిప్పించుకొనుటకు వేసిన ఎత్తు” అని ఆమెను బ్లాకు చేసినాడు. 

నిజమునకు ఆమె చెప్పినది జరుగదగినదే. పండు ఈగ పక్వమునకు వచ్చు కాయ తోలు క్రింద గ్రుడ్లు పెట్టును. ఆ గాటు సూదిమొనంత యుండుటచే కోతనాడు కంటికి ఆనదు. కాయ మాగుచుండగా పురుగులు పెరిగి గుజ్జును తినును. కాబట్టి ఆ గృహిణి తెచ్చినది తగవు కాదు, తోట నుండి వచ్చిన కబురు. రైతు ఆ ఫొటోను నమ్మియుండిన యెడల మరునాడే రాలిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టెడివాడు. మిథైల్ యూజినాల్ ఎరలు కట్టెడివాడు. మిగిలిన పెట్టెలను పంపుటకు ముందు కొన్ని కాయలు కోసి చూచెడివాడు. బ్లాకు చేయుటచే ఆ కబురు ఆగిపోయినది. అదే కోతలోని కాయలు ఇంకను పలువురికి పోయినవి. వారిలో కొందరు మాట్లాడకయే మరుసటి ఏడు వేరొకరి వద్ద కొందురు. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొనుట అనగా ఇదే.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశములో ఆన్‌లైన్ వ్యాపారమునకు 2020 జూలైలో వినియోగదారుల రక్షణ నియమములు వచ్చినవి. వీని ప్రకారము ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్మువాడు లోపముగల సరుకును, తాను చెప్పినట్లు లేని సరుకును వెనుకకు తీసికొననని గాని, సొమ్ము త్రిప్పి ఇవ్వనని గాని అనరాదు. ఆన్‌లైన్ అంగళ్ళు ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదు. బ్లాకు చేయుట రాబోవు అమ్మకమును మాత్రమే ఆపును. జరిగిపోయిన అమ్మకపు బాధ్యతను తీర్చదు. కాబట్టి ఇవ్వవలసిన సొమ్ము ఇచ్చి, లెక్క ముగించిన తరువాతనే బ్లాకు మాట తలపెట్టవలెను.

బ్లాకు చేయుటకు ముందు చేయవలసిన పనులు

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్నట్లు చాల తగవులను ముందే తప్పించుకొనవచ్చును.

1. అమ్మకపు షరతులను నాలుగు మాటలలో వ్రాసి, ఆర్డరు పెట్టువారికి ముందే పంపవలెను. ధర ఎంత, రవాణా ఎవరిది, ఎన్ని దినములలో చేరును, పాడైన కాయలకు ఏమి చేయుదురు అను సంగతులు అందులో ఉండవలెను.

2. క్రొత్తవారి వద్ద పూర్తి సొమ్ము గాని, కనీసము రానుపోను రవాణా ఖర్చు గాని ముందుగా తీసికొనవలెను. సొమ్ము ఇచ్చినవాడు పెట్టెను త్రిప్పి పంపుట అరుదు.

3. పెట్టె కట్టునప్పుడు కాయలను, బరువును చూపునట్లు ఒక ఫొటో తీసి ఉంచుకొనవలెను. పెట్టె విప్పగానే ఫొటో తీయుమని కొనువారికి చెప్పవలెను. దారిలో నలిగిన కాయలను గూర్చి 24 గంటలలో తెలుపుమని అడుగవచ్చును. లోపలి లోపము కోసినప్పుడే తెలియును గనుక, కాయ మాగువరకు గడువు ఇచ్చుట న్యాయము.

4. ఒక పుస్తకములో ఆర్డరు తేది, పేరు, ఫోను నెంబరు, వచ్చిన ఫిర్యాదు, దానికి చేసిన పరిష్కారము వ్రాసికొనవలెను. ఒకే మనిషి వద్దనుండి పదే పదే ఫిర్యాదు వచ్చుచుండిన అది మనిషి సంగతి. ఒకే కోతపై పలువురు ఫిర్యాదు చేసిన అది సరుకు సంగతి. ఈ రెంటిని పుస్తకమే వేరుచేసి చూపును.

5. బ్లాకు చేయదలచినచో మొదట మర్యాదగా ఒక మాట వ్రాయవలెను: “అమ్మా, రెండుసార్లు పెట్టె తిరిగి వచ్చినది. ఇకమీదట ముందుగా సొమ్ము పంపిననే పంపగలము.” చాలమంది దీనితోనే సర్దుకొందురు.

6. బ్లాకు చేయుటకు ముందు సందేశములను, ఫొటోలను భద్రపరచవలెను. తరువాత తగవు వచ్చినచో అవే సాక్ష్యము. ఆ మనిషి ఫొటోను, నెంబరును నలుగురిలో పెట్టి అవమానించుట మాత్రము చేయరాదు.

7. ఏడాదికొకసారి, కోత ముందు, బ్లాకు చేసిన వారి జాబితాను ఒక మారు చూడవలెను. కోపములో చేర్చిన పేరు ఏదైన ఉన్నచో తీసివేయవలెను.

మనము కొనుగోలుదారులమైనప్పుడు

రైతులు కూడ విత్తనములు, స్ప్రేయర్లు, పనిముట్లు, పాత యంత్రముల విడిభాగములు ఆన్‌లైనులో కొనుచున్నారు. అప్పుడు మనమే అవతలి ఒడ్డున ఉందుము. అక్కర లేని ఆర్డరు పెట్టరాదు. పెట్టినచో పార్సెలు వచ్చు దినమున ఇంటివద్ద ఎవరైన సొమ్ముతో ఉండునట్లు చూచుకొనవలెను. లోపమున్న యెడల ఫొటోతో, సరళమైన మాటలతో తెలుపవలెను. న్యాయమైన ఫిర్యాదును అమ్మకందారుడు వినక బ్లాకు చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును.

ఆన్‌లైన్ అంగడిలో రైతుకు దళారి లేడు. ఆ మేరకు దళారి చేయు పని కూడ రైతు మీదనే పడినది. ఎవరికి అమ్మవలెను, ఎవరికి అమ్మరాదు అని నిర్ణయించుట అందులో ఒకటి. మోసము చేయువానికి తలుపు మూయుట తప్పు కాదు. లోపము చెప్పువానికి తలుపు మూయరాదు. పురుగున్న పండు ఫొటో పంపిన ఆ గృహిణికి క్షమాపణతో ఒక మంచి పెట్టె పంపియుండిన రైతుకు ఖర్చయ్యెడిది 530 రూపాయలు. తోట సంగతి వేళకు తెలిసెడిది, మరుసటి ఏడు ఆమె ఇంటి గిరాకీ కూడ నిలిచెడిది.