ఎస్‌క్యూలైట్ కంపైలు దోషములు: నిదానము, చికిత్స

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారి పలుకుబడిలో నిఘంటువుల కెక్కని మాటలు పెక్కు కలవు. హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము, యానాము - ఒక్కొక్క తావున ఒక్కొక్క తీరు. వృద్ధులు గతించిన కొలది ఆ మాటలును గతించుచున్నవి. వానిని నోటుపుస్తకములలో వ్రాసియుంచిన ఉత్సాహవంతులు మనలో లేకపోలేదు. అట్టి పదసంచయమును కంప్యూటరున భద్రపరచి, కావలసినపుడు వెదకికొనుటకు ఎస్‌క్యూలైట్ అను డేటాబేస్ లైబ్రరీ మిక్కిలి అనువైనది. అయితే దానిని తమ ప్రోగ్రాములో చేర్చి కంపైలు చేయబోయిన విద్యార్థులు తొలి దోషసూచనకే బెదరి పని విడిచిపెట్టుట కద్దు. అప్పుడు మాటలు నోటుపుస్తకములోనే మిగిలిపోవును. ఆ దోషములు ఎక్కడ పుట్టునో, ఎట్లు తొలగునో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఎస్‌క్యూలైటును అమెరికా దేశీయుడగు రిచర్డ్ హిప్ 2000 సంవత్సరమున వెలువరించెను. నేడు వాడుకలో నున్న మూడవ తరము రూపము 2004లో వచ్చినది. దీనిపై హక్కులను వదలుకొని కర్తలు దీనిని సర్వజనుల సొత్తుగా విడిచిరి. పెద్ద డేటాబేసులకు సర్వరు అను వేరొక ప్రోగ్రాము ఎల్లవేళల నడుచుచుండవలెను. దీనికి అది అక్కరలేదు. ఇది మన ప్రోగ్రాములోనే కలిసిపోయి, సమస్త సమాచారమును ఒక్క ఫైలులో దాచును. కావుననే దీనిని అంతర్నిహిత డేటాబేస్ అందురు. యూనికోడులో వ్రాసిన తెలుగును ఇది యథాతథముగా నిలుపుకొనును.

దీని మూలము నూటికి పైబడిన ఫైళ్ళుగా నున్నను, వాడువారి సౌకర్యార్థము వానినన్నిటిని ఒక్క ఫైలుగా కూర్చి ఇచ్చుచున్నారు. ఆ కట్టలో నాలుగు ఫైళ్ళుండును: లైబ్రరీ యంతయు గల ఎస్‌క్యూలైట్3.సి, దాని ఫంక్షనుల పట్టికయగు ఎస్‌క్యూలైట్3.హెచ్, అదనపు భాగములు వ్రాయువారికై ఎస్‌క్యూలైట్3ఎక్స్‌ట్.హెచ్, ఆజ్ఞలను టైపు చేసి డేటాబేసును నడుపుటకు పనికివచ్చు షెల్.సి.

ఇక దోషముల సంగతి. ప్రోగ్రాము సిద్ధమగుటలో ముఖ్యముగా మూడు దశలు కలవు. మొదటిది, కావలసిన హెడరు ఫైళ్ళను వెదకి చదువుట. రెండవది, సి భాషను యంత్రభాషలోనికి మార్చుట. మూడవది, వేరువేరు ముక్కలను లింకరు ఒకటిగా అతుకుట. దోషసూచన ఏ దశనుండి వచ్చినదో గుర్తించినచో సగము చికిత్స జరిగినట్లే. నిదానము తెలియని వైద్యమువలె, దశ తెలియక చేయు మార్పులు కొత్త దోషములను తెచ్చును. మరియొక నియమము: సూచనలు నూరు వచ్చినను మొట్టమొదటిదానినే చదువవలెను. తక్కినవి తరచుగా దాని సంతానమే.

మొదటి దశలో కనబడునది “నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ” అను సూచన. ఎస్‌క్యూలైట్3.హెచ్ కంపైలరునకు దొరకలేదని దీని భావము. ఆ ఫైలు మన ప్రోగ్రామున్న ఫోల్డరులోనే యున్నచో, ఇన్‌క్లూడ్ వాక్యమున దాని పేరును కోణపు గుర్తుల నడుమ గాక ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాయవలెను. వేరొక ఫోల్డరులో నున్నచో, పెద్ద ‘ఐ’ అను ఆప్షనుతో ఆ దారిని తెలుపవలెను. ఉబుంటు వాడువారు డేటాబేసును నడుపు ప్రోగ్రామును మాత్రమే స్థాపించుకొని, హెడరు లేదని చింతించుట కలదు. లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్ అను ప్యాకేజీని స్థాపించినగాని హెడరు రాదు. ఫెడోరాలో దాని పేరు ఎస్‌క్యూలైట్-డెవెల్.

రెండవ దశలో ముఖ్యమైన దోషములు రెండు. సి ప్లస్ ప్లస్ నేర్చినవారు ఎస్‌క్యూలైట్3.సి ఫైలును గూడ ఆ భాష కంపైలరునకే ఇత్తురు. వెంటనే “ఇన్‌వాలిడ్ కన్వర్షన్” అను సూచనలు పుంఖానుపుంఖములుగా వచ్చును. ఆ ఫైలు శుద్ధమైన సి భాషలోనిది. సి అనుమతించు కొన్ని పాయింటరు మార్పిడులను సి ప్లస్ ప్లస్ అనుమతింపదు. ఫైలును దిద్దబూనుట వృథా. దానిని జీసీసీతో వేరుగా కంపైలు చేసి, వచ్చిన ఆబ్జెక్టు ఫైలును మన ప్రోగ్రామునకు చేర్చిన చాలును.

“ఇంప్లిసిట్ డిక్లరేషన్” అనునది రెండవ దోషము. మనము పిలిచిన ఫంక్షను హెడరులో లేదని దీని యర్థము. పేరులో అక్షరదోషము లేనిచో, హెడరు పాతదై యుండును. ఉదాహరణకు, ఎస్‌క్యూలైట్3_ప్రిపేర్_వి3 అను ఫంక్షను 2017లో వచ్చిన 3.20 రూపమున చేర్చబడినది. అంతకు పూర్వపు హెడరులో అది యుండదు. పూర్వము జీసీసీ ఇట్టిదానిని హెచ్చరికగా చెప్పి ఊరకొనెడిది. 2024లో వెలువడిన 14వ రూపమునుండి దోషముగనే ఎంచుచున్నది. నిన్నటివరకు కంపైలైన పాత ప్రోగ్రాము కొత్త యంత్రముపై నిలిచిపోవుటకు ఇదియు నొక కారణము.

మూడవ దశలోని సూచన “అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్”. ఇక్కడనే ఎక్కువమంది దారి తప్పుదురు. హెడరు పట్టిక మాత్రమే. పని చేయు భాగము లైబ్రరీలో నున్నది. పట్టిక దొరికినది గాని సరుకు అందలేదన్నమాట. కావున హెడరును మరల మరల సరిచూచుట వలన ప్రయోజనము లేదు. ఎస్‌క్యూలైట్3.సి ఫైలునైన ఆజ్ఞలో చేర్చవలెను, లేదా చిన్న ‘ఎల్’ అను ఆప్షనుతో స్థాపితమైన లైబ్రరీనైన పేర్కొనవలెను. ఆ ఆప్షను మన ప్రోగ్రాము పేరునకు తరువాత రావలెను. లింకరు ఎడమనుండి కుడికి చదువుచు పోవును గాన, ముందే వచ్చిన లైబ్రరీని అక్కరలేనిదిగా తలచి విడిచిపెట్టవచ్చును.

దొరకని పేరు పీథ్రెడ్‌తో మొదలైనను, డీఎల్‌ఓపెన్ అయినను, లోపము ఎస్‌క్యూలైటులో లేదు. పాత లినక్సు వ్యవస్థలలో పీథ్రెడ్, డీఎల్ అను లైబ్రరీలను వేరుగా పేర్కొనవలెను. 2021లో వచ్చిన గ్లిబ్‌సి 2.34 నుండి అవి మూల లైబ్రరీలోనే కలిసిపోయినవి. “మల్టిపుల్ డెఫినిషన్” అని మెయిన్ ఫంక్షను పేరు కనబడినచో, ఫోల్డరులోని షెల్.సి గూడ మన ప్రోగ్రాముతో చేరినదని గ్రహింపవలెను. దానికి దానిదైన మెయిన్ కలదు. దానిని తొలగించిన దోషము తొలగును.

తెలుగు పదములకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ఎస్‌క్యూలైట్ స్వతస్సిద్ధముగా యూనికోడు సంఖ్యల వరుసనే అకారాదిగా ఎంచును. ఆ వరుసలో ‘ళ’ యనునది ‘ల’కును ‘వ’కును నడుమ వచ్చును, మన బడులలోని వర్ణమాలలో ‘హ’ తరువాత వచ్చును. భాషానుగుణమైన క్రమము కోరువారు ఐసీయూ అను లైబ్రరీని జోడింతురు. ఆ స్విచ్చి వేసి కంపైలు చేయగా యూటైప్స్.హెచ్ దొరకలేదన్నచో, ఐసీయూ హెడరులు లేవు. అది మొదటి దశ దోషము. యూకాల్_ఓపెన్ దొరకలేదన్నచో, హెడరులున్నవి గాని లైబ్రరీ అతుకబడలేదు. అది మూడవ దశ దోషము. నిదానసూత్రము ఇక్కడను మారలేదు. పోల్చు ఫంక్షనును మనమే వ్రాసి నమోదు చేసికొన్నచో ఐసీయూ అవసరమే లేదు.

కావున విద్యార్థులకు చెప్పవలసిన మాట ఒక్కటియే. దోషసూచన మందలింపు గాదు. పని ఎచ్చట ఆగినదో తెలుపు గుర్తు. చదువుటలో ఆగినదా, మార్చుటలో ఆగినదా, అతుకుటలో ఆగినదా అని అడిగినచో చికిత్స తానై తోచును. అవ్వ నోట విన్న మాటను నోటుపుస్తకమునుండి డేటాబేసునకు చేర్చుటకు వలయు సాధనము ఉచితముగా లభించుచున్నది. దానిని వాడుటకు వలయునది ఈ పాటి ఓపికయే.