ఊపిరైపోయే కొవ్వు

కార్తికమాసంలో సాయంత్రం వెలిగించిన ప్రమిద తెల్లారేసరికి ఖాళీగా ఉంటుంది. అడుగున కాస్త జిడ్డు, మాడిన వత్తి కొస తప్ప ఏమీ మిగలదు. నూనె ఏమైందని ఇంట్లో ఎవరూ అడగరు. కాలిపోయింది, అంతే. అదే మనిషి పది కిలోలు తగ్గితే మాత్రం, ఆ కొవ్వంతా ఏమైందన్న ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతారు. చెమటగా పోయిందనేవారు కొందరు, కండగా మారిందనేవారు కొందరు. శక్తిగా మారిపోయిందన్నది బాగా చదువుకున్నవాళ్ల జవాబు. అదీ తప్పే.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్‌ వేల్స్‌ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్‌ మీర్మన్‌, ఆండ్రూ బ్రౌన్‌ ఈ లెక్క తేల్చి 2014 డిసెంబరులో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో ప్రచురించారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్‌ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఇదంతా జరగాలంటే మనం పీల్చుకోవాల్సిన ఆక్సిజన్‌ 29 కిలోలు. వాళ్లు 150 మంది డాక్టర్లను, డైటీషియన్లను, జిమ్‌ ట్రెయినర్లను అడిగితే, సగానికి పైగా శక్తి అనో వేడి అనో చెప్పారట. శక్తి బయటపడే మాట నిజమే. కానీ కొవ్వులో ఉన్న కార్బన్‌, హైడ్రోజన్‌ పరమాణువులు ఎక్కడికో ఓచోటికి పోవాలి కదా! బరువులో ఎక్కువ భాగం పోయేది ముక్కుదారినే.

తప్పు కొంత మన మాటలోనే ఉంది. కొవ్వు ‘కరుగుతుంది’ అంటాం, పొయ్యి పక్కన పెట్టిన నెయ్యి కరిగినట్టు. అందుకే పొట్టకు బెల్టు బిగించి, రెయిన్‌కోటులాంటి సూటు తొడుక్కుని పార్కుల్లో చెమటలు కక్కేవాళ్లు కనిపిస్తుంటారు. ఆ చెమటతో తగ్గిన బరువు ఇంటికెళ్లి తాగే మజ్జిగతో తిరిగొస్తుంది. ఒంట్లో జరిగేది కరగడం కాదు, కాలడం. మంట లేకుండా, 37 డిగ్రీల వెచ్చదనంలో, మెట్టు మెట్టుగా. ఫ్రాన్సులో లవోజియర్‌, లాప్లాస్‌ 1780ల్లోనే ఒక గినీపందిని మంచు పేర్చిన పాత్రలో ఉంచి, కరిగిన నీటినీ అది వదిలిన వాయువునూ కొలిచారు. శ్వాస అంటే నెమ్మదిగా వెలిగే దీపమేనని ఆనాడే గ్రహించారు.

డబ్బా, గాదె, తాళం

తిన్నది మిగిలితే ఒళ్లు రెండుచోట్ల దాస్తుంది. వంటింట్లో బియ్యం డబ్బాలాంటిది గ్లైకోజెన్‌. కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో నాలుగు వందల గ్రాములు, ఇంచుమించు అంతే. ప్రతి గ్రామూ మరో మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. డైటింగ్‌ మొదలెట్టిన వారంలోనే రెండు కిలోలు తగ్గామని సంబరపడేవారి ఒంట్లో ఎక్కువగా జరిగేది డబ్బా ఖాళీ కావడం, దాంతోపాటు నీళ్లు పోవడం.

గాదె అంటే కొవ్వు. పిండిపదార్థం గ్రాముకు నాలుగు కిలోకేలరీలిస్తే, ఇది తొమ్మిది ఇస్తుంది. 70 కిలోల మామూలు మనిషి గాదెలోనూ లక్ష కిలోకేలరీలకు తక్కువుండదు. దీని తాళం పేరు ఇన్సులిన్‌. తిన్నాక రక్తంలో ఇన్సులిన్‌ పెరిగి గాదె మూతపడుతుంది. ఆకలేసినా, పరుగెత్తినా అది తగ్గి, అడ్రినలిన్‌లాంటివి పెరిగి తెరుచుకుంటుంది. అప్పుడు లైపేజ్‌ ఎంజైములు ఒక్కో కొవ్వు అణువునూ మూడు కొవ్వు ఆమ్లాలుగా, ఒక గ్లిజరాల్‌గా విడగొడతాయి. గ్లిజరాల్‌ కాలేయానికి పోయి గ్లూకోజ్‌ అవుతుంది. కొవ్వు ఆమ్లాలు రక్తంలో ఆల్బుమిన్‌ అనే ప్రొటీన్‌ భుజమెక్కి గుండెకు, కండరాలకు చేరతాయి. అవి ఒళ్లంతటి నుంచీ వస్తాయి కాబట్టి, పొట్టకు వ్యాయామం చేస్తే పొట్ట కొవ్వే పోతుందనుకోవడం భ్రమ.

మరి తాళమే లేకపోతే? కొవ్వు ఎంత తగ్గితే అంత ఆరోగ్యం అనుకునేవాళ్లు టొరంటో సంగతి వినాలి. 1922 జనవరిలో అక్కడి ఆసుపత్రిలో ఉన్న లెనార్డ్‌ థాంప్సన్‌కు 14 ఏళ్లు, బరువు 29 కిలోలు. టైప్‌-1 మధుమేహం. ఒంట్లో ఇన్సులిన్‌ లేక గాదె తలుపులు బార్లా తెరుచుకున్నాయి. కొవ్వు అదుపు లేకుండా విరిగి, రక్తం ఆమ్లమయమవుతోంది. జనవరి 11న ఇచ్చిన మొదటి ఇన్సులిన్‌ ఇంజెక్షన్‌ సరిగా పనిచేయలేదు. మందును మరింత శుద్ధిచేసి 23న మళ్లీ ఇచ్చారు. కుర్రాడు కోలుకున్నాడు. అంతకుముందు ఆ జబ్బు పడిన పిల్లలు ఎముకల గూళ్లై పోయేవారు.

చివరి పెట్టె మీద ఎక్స్‌ గుర్తు

కండరంలోకి చేరిన కొవ్వు ఆమ్లం ఓ రైలులాంటిది. పెట్టెల బదులు వరసగా కార్బన్లు. అది కాలేది కణంలోని మైటోకాండ్రియాలో. దాని గేటు దాటించేది కార్నిటైన్‌. జిమ్‌ పక్క దుకాణాల్లో డబ్బాల్లో అమ్మేది అదే. ఆరోగ్యవంతుల ఒళ్లు తనకు కావాల్సినంత తానే చేసుకుంటుంది.

లోపల ఆ రైలు ఎలా విడిపోతుందో 1904లో ఫ్రాంజ్‌ నూప్‌ అనే జర్మన్‌ పట్టుకున్న తీరు ఎన్నిసార్లు చెప్పుకున్నా ముచ్చటేస్తుంది. కణంలోకి తొంగిచూసే పరికరాలు అప్పటికి లేవు. మన రైళ్ల చివరి పెట్టె వెనక పెద్ద ఎక్స్‌ గుర్తు ఉంటుంది కదా, నూప్‌ కూడా కొవ్వు ఆమ్లం తోకకు ఒక గుర్తు తగిలించాడు. అది ఒళ్లు కాల్చలేని ఫినైల్‌ వలయం. దాన్ని కుక్కలకు పెట్టి, వాటి మూత్రం పరీక్షించాడు. రైల్లో పెట్టెలు సరిసంఖ్యలో ఉంటే గుర్తుతోపాటు రెండు పెట్టెలు మిగిలాయి. బేసి సంఖ్యలో ఉంటే ఒక్కటే మిగిలింది. అంటే ఇంజను వైపు నుంచి రెండేసి పెట్టెల చొప్పున ఊడుతున్నాయన్నమాట! బీటా ఆక్సిడేషన్‌ అని పాఠాల్లో చెప్పేది దీన్నే.

పదహారు కార్బన్ల పామిటిక్‌ ఆమ్లాన్ని ఏడుసార్లు తెంపితే ఎనిమిది ముక్కలు. అవి హాన్స్‌ క్రెబ్స్‌ 1937లో కనిపెట్టిన చక్రంలో పడి కార్బన్‌ డయాక్సైడ్‌ అవుతాయి. హైడ్రోజన్‌ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఈ దారిలో ఒళ్లు ఏటీపీ అనే శక్తి అణువులు 106 సంపాదిస్తుంది. కండరం కదిలినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది ఏటీపీయే.

ఏటీపీ అనగానే తెలుగువాళ్లకు భీమవరం గుర్తుకు రావాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌ వైద్య కళాశాలలో సైరస్‌ ఫిస్క్‌తో కలిసి 1929లో దాన్ని కండరంలో గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్‌ లోమన్‌ కూడా విడిగా కనుగొన్నాడు. సుబ్బారావుకు హార్వర్డ్‌ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. మన బైపీసీ పిల్లలు ఏటీపీని బట్టీ పడతారు గానీ, ఆయన పేరు ఎంతమంది చెప్పగలరు?

మెదడుకు మాత్రం కొవ్వు ఆమ్లాలు పనికిరావు. ఉపవాసం ఒక రోజు దాటి బియ్యం డబ్బా అడుగంటితే, కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చి మెదడుకు పంపుతుంది. అప్పుడు నోట్లోంచి మాగిన పండులాంటి వాసన వస్తుంది. వారాల తరబడి పస్తున్నవారి మెదడు సగానికి పైగా కీటోన్ల మీదే నడుస్తుందని 1960ల్లో బోస్టన్‌లో జార్జ్‌ కాహిల్‌ బృందం చూపింది. ఆ రోజుల్లోనే స్కాట్లాండ్‌కు చెందిన అంగస్‌ బార్బియేరి, డండీలో డాక్టర్ల పర్యవేక్షణలో విటమిన్లు, లవణాలు తీసుకుంటూ 382 రోజులు అన్నం ముట్టకుండా 207 కిలోల నుంచి 82కు దిగాడు. ఇది ఎవరూ చేయదగ్గ పని కాదు. ఇలాంటి దీర్ఘ ఉపవాసాల్లో ప్రాణాలు పోయినవారున్నారు.

ఊపిరిగా పోతుందన్నారు కదా అని గబగబా ఊపిరి తీస్తే కళ్లు తిరుగుతాయి తప్ప కొవ్వు కదలదు. 70 కిలోల మనిషి ఏ పనీ చేయకుండా ఉన్నా రోజుకు సుమారు 200 గ్రాముల కార్బన్‌ వదులుతాడు, అందులో మూడో వంతు నిద్రలోనే. ఒక గంట జాగింగ్‌ చేస్తే అదనంగా పోయేది 40 గ్రాములు. ఆపైన పార్కు గేటు దగ్గర ఓ ప్లేటు మైసూరు బోండా లాగిస్తే గాదెకు మళ్లీ తాళం.

చివరిగా ఒక్క మాట. ఇన్సులిన్‌ వాడుతున్నవాళ్లు కీటో డైట్‌ అనో, ఏకాదశి అనో, రోజా అనో మీ అంతట మీరు డోసు మానేయకండి, మార్చుకోకండి. ముందు మీ డాక్టరును అడగండి.