సముద్రమునకును హద్దులు గలవు

తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఒక భూస్వామి యిటీవల తమ కుమారుని వెంటబెట్టుకొని మమ్ము చూడవచ్చిరి. కుమారుడు మత్స్యశాస్త్రమున పట్టము పొందిన యువకుడు. పసిఫిక్ మహాసముద్రమందలి యొక ద్వీపదేశమున, సముద్రవిధానములు రచించు కార్యాలయములో రెండేండ్ల కొలువునకు అతడు ఎంపికయ్యెను. తండ్రిగారి మొగమున సంతోషముకంటె సందేహమే హెచ్చుగా నుండెను. "అయ్యా, పొలమునకు హద్దున్నది, శిస్తున్నది. సముద్రమునకు పాలసీ యేమిటండీ? అమెరికా పోయిన మా అన్నగారి అబ్బాయి యిల్లు కట్టించినాడు. వీడు ఆ దీవిలో చేపలు లెక్కపెట్టి యేమి తెచ్చును?" అని వారడిగిరి. ప్రశ్న పరిహాసమున కడిగినది గాదు. కనుక దానికి మేము చెప్పిన సమాధానమును పాఠకుల యెదుటను ఉంచుచున్నాము.

సముద్రమునకును హద్దులు గలవు. 1982లో కుదిరి 1994లో అమలునకు వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక, తీరమునుండి 200 నాటికల్ మైళ్ళవరకు గల మత్స్యసంపదపై తీరదేశమునకు హక్కు నొసగినది. భారతదేశము 1995లో దీనిని ధ్రువపరచెను. ఈ లెక్కను పలావ్ అను దేశము నొకమారు చూడుడు. పేరు విని నవ్వువారు నవ్వుదురు గాక. ఆ దేశము 1994లో స్వతంత్రమైనది. జనసంఖ్య సుమారు 18 వేలు, అనగా మనయందలి యొక పెద్ద గ్రామమునకు మించదు. ఐనను దాని యేలుబడిలోని సముద్రము సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశమువంటివి మూడు అందులో నిముడును.

హద్దు గలిగినంతమాత్రమున ఫలము చేతికి రాదని భూస్వాములకు మేము చెప్పనక్కరలేదు. ఆ దీవుల నీటిలోని ట్యూనా చేపను పట్టుకొనిపోవునవి దూరదేశముల ఓడలు. అవి యొక్కొక్క దీవితో వేరువేరుగా బేరమాడి, పట్టిన సరకు విలువలో స్వల్పభాగమును మాత్రమే చెల్లించుచుండెడివి. ఇది కౌలుదారు ధనికుడై భూస్వామి బీదయైన వింత వ్యవహారము! 1982లో పలావ్, నౌరు, కిరిబాటి, పపువా న్యూగినీ మొదలగు ఏడు దేశములు నౌరు ఒడంబడిక పేర కట్టుగట్టినవి. 2007నుండి వల వేయు దినములనే సరకుగా విక్రయింపజొచ్చినవి. ఏటికి మొత్తమెన్ని దినములు వేటాడవచ్చునో ముందుగా నిర్ణయించి, వానిని తమలో పంచుకొని, దినమునకు కనీసపు వెల గట్టినవి. 2015నాటికి ఆ వెల 8,000 డాలర్లు. 2010లో సుమారు 6 కోట్ల డాలర్లుగా నున్న రాబడి, దశాబ్దము ముగియునాటికి సుమారు 50 కోట్లకు చేరెను. చేపల లెక్క సరిగా నున్ననే దినముల లెక్క నిలుచును. దినముల లెక్క నిలిచిననే వెల నిలుచును. చేపలు లెక్కపెట్టువాడు తెచ్చున దేమియో యిందువలన తెలియగలదు.

ఐనను ఆ యువకునితో మేము ముచ్చటించినది ఈ ధనవిషయము గాదు. పలావ్‌లో 'బుల్' అను ప్రాచీనాచారము గలదు. చేప తగ్గినదని తోచినపుడు గ్రామపెద్దలు కొంత నీటిని కొంతకాలము మూసివేయుదురు. రాబర్ట్ జొహాన్నెస్ అను శాస్త్రజ్ఞుడు 1970ల దశాబ్దమున అచ్చటికి బోయి, వృద్ధజాలరుల పడవలలో కూర్చుండి, ఏ చేప యే తిథిని యే చోట గుడ్లు పెట్టునో వారినుండి నేర్చుకొనెను. శాస్త్రగ్రంథముల కెక్కని సంగతు లెన్నియో వారికి నోటికి తెలిసియుండెను. 1981లో ఆయన ప్రకటించిన గ్రంథము ఆ జాలరుల విద్యయే. పట్టములు మోసికొనిపోయిన పండితుడు శిష్యుడై కూర్చుండుట మన శాస్త్రులవారలలోను అరుదు, దొరలలోను అరుదు.

ఆ 'బుల్' పేరనే పలావ్ ప్రభుత్వము 2015లో చట్టము చేసి, 2020 జనవరి 1వ తేదీనుండి తన సముద్రమున నూటికి 80 పాళ్ళు వేటకు మూసివేసినది. లోకము మెచ్చుకొనెను. ఆ యేడే కరోనా వచ్చి యాత్రికులు నిలిచిపోయిరి. వారి రాకపై ఆధారపడిన రాబడి యింకెను. పరదేశపు ఓడల రుసుమును పోగొట్టుకొంటిమనియు, పెద్దచేప రానిచో తీరమందలి పగడపుదిబ్బల చేపపై భారము పడుననియు వాదములు లేచినవి. మూసినదానిలో కొంత తెరువవలెనని తరువాతి ప్రభుత్వము తలపెట్టినది. ఎవరిది న్యాయమో తేల్చుటకు మేము పూనుకొనము. కాని యొక్క సంగతి స్పష్టము. ఆ చట్టమునకు చిత్తు వ్రాయుటలో తోడ్పడు పరదేశపు యువకుడు రెండేండ్లకు ఓడ యెక్కును. దాని ఫలమును తినువాడు, అప్పు తీర్చువాడు ద్వీపవాసియే. ఈ భేదము నెరుగనివాడు ఎంత చదివినను అక్కడ గుమాస్తాయే కాగలడు.

మనవారికి ఈ విద్య నేర్పు స్థలములు లేకపోలేదు. స్వీడన్‌లోని మాల్మో నగరమున 1983నుండి ప్రపంచ నావికా విశ్వవిద్యాలయము నడచుచున్నది. వర్ధమానదేశముల యువకోద్యోగులకు ఐక్యరాజ్యసమితి, నిప్పన్ సంస్థ కలిసి 2004నుండి వేతనము లొసగుచున్నవి. మన దేశము 2024 సెప్టెంబరులో దేశపుహద్దులకు ఆవలి సముద్రమును గూర్చిన నూతన ఒడంబడికపై సంతకము చేసినది. అట్టి పత్రములు చదువగలవారు మనకు కావలసియున్నారు. తిరిగివచ్చినవారికి తగిన కొలువు చూపుటలో మాత్రము మన ప్రభుత్వములు తొందరపడుట మేము చూడలేదు. తండ్రిగారు ఈ మాట పట్టుకొని మమ్ము మరల అడిగిరి. మేము కాదనలేకపోతిమి.

అబ్బాయి అంతవరకు మాటాడలేదు. "ఉప్పాడ యెప్పుడైన చూచితివా, నాయనా?" అని అడిగితిమి. బస్సులోనుండి చూచితి ననెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. పడవలు ఒడ్డున నుండును. జాలరులు వలలు బాగుచేసికొనుచు తీరికగా నుందురు. పలుకరించిన బదులు చెప్పుదురు. పరదేశమున చేరవలసినది జూలైలో నట. ఈ రెండు మాసములు అచ్చట గడపుమని చెప్పితిమి. తండ్రిగారు కొంతసేపు ఆలోచించి, అచ్చట తమ తోడల్లునికి తెలిసిన పడవ సొంతదారు డొకడు గలడనియు, తామే తీసికొనిపోయెదమనియు చెప్పి లేచిరి.