రేడియో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయినా సౌండ్ రావట్లేదా? ఈ సెట్టింగ్స్ చూడండి..

పలాస: 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో చాలా ఊళ్లకు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. ఇలాంటి చోట ఊరికో రేడియో ఉంటే మేలే. ప్రోగ్రామ్స్ నడిపే లిబ్రేటైమ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగానే దొరుకుతుంది. చిక్కంతా సెటప్ దగ్గరే.

వేరే వెబ్‌సైట్ నడుస్తున్న కంప్యూటర్లో వేస్తే ఇన్‌స్టాలర్ మొరాయించొచ్చు. కొత్తగా ఉబుంటు వేసిన మెషీన్‌లోనే మొదలుపెట్టండి.

పలాసలో స్టూడియో ఉందనుకోండి. అక్కడ పాట బాగానే వినిపిస్తుంది, టెక్కలిలో ఫోన్ పట్టుకున్నవాళ్లకు మాత్రం ఏమీ రాదు! కాన్ఫిగ్ ఫైల్‌లో పబ్లిక్ యూఆర్‌ఎల్ దగ్గర 'లోకల్‌హోస్ట్' అని ఉందేమో చూడండి. అలా ఉంటే ఫోన్ రేడియోను తనలోనే వెతుక్కుంటుంది. సర్వర్ అసలు అడ్రస్ ఇచ్చి, 8000 పోర్టు తెరవాలి.

టైమ్‌జోన్ మరవొద్దు. ఆసియా/కోల్‌కతా పెట్టకుండా యూటీసీలో వదిలేస్తే, ఉదయం 6కి పెట్టిన తుపాను హెచ్చరిక 11.30కి వస్తుంది. అప్పటికి వేటకెళ్లే పడవలు వెళ్లిపోతాయి.

ఇంకో మాట.. సెల్ టవర్లు పడితే నెట్ రేడియో కూడా మూగబోతుంది. అప్పుడు పనికొచ్చేది ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటరే. దానికి కేంద్ర సమాచార, ప్రసార శాఖ అనుమతి తప్పనిసరి.